అడుగున దొరికిన ఎనిమిది

ఏప్రిల్ పదకొండు, శనివారం. ఆ సాయంత్రం అల్విన్ మెట్‌కాఫ్ తింటున్నది పంది మాంసం కూరి కాల్చిన పై రొట్టె, మెత్తగా ఉడికిన బఠానీలు. ఇంకా సగం పళ్ళెంలో ఉండగానే హెస్టర్ తలుపు తోసుకుని వచ్చి, గుడ్డలో చుట్టిన వస్తువొకటి బల్ల మీద పెట్టింది.

"బ్లీక్‌గిల్ గుంట అడుగున గుహల క్లబ్బువాళ్ళు తవ్వుతుంటే ఒక ఎనిమిది దొరికింది. ఇది చూసి చెప్పు అల్విన్, మా డెనిస్‌దేనా?"

అల్విన్ పళ్ళెం పక్కకి జరిపాడు.

ఎనిమిదంటే, ఆ అంకె ఆకారంలోనే రెండు కన్నాలతో ఉండే అరచేతి పొడవు లోహపు ముక్క. తాడు దానికి చుట్టి నడుముకి తగిలించుకుంటే ఎంత లోతు గుహలోకైనా నెమ్మదిగా జారిపోవచ్చు. అల్విన్ గోడ మీద అలాంటివి మూడు వందల పన్నెండు వేలాడుతున్నాయి. బరువు, మందం, తాడు ఒరిపిడికి పడ్డ గాడి పోల్చి చూసి, ఏది ఏ కాలందో చెప్పడంలో ఆ కొండల్లో అతని మాటకి తిరుగులేదు.

"కూర్చోమ్మా. టీ పెడతాను."

"టీకేం తొందర! ముప్ఫై ఒక్క ఏళ్ళయింది మా అన్న పోయి. క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళకి మీరు నేర్పే మొదటి మాటేంటి? 'డెనిస్ పని చెయ్యకు, ఎనిమిది జారవిడుచుకోకు.' మా అన్న పేరు తిట్టయి కూర్చుంది."

"తిట్టు కాదు హెస్టర్. జాగ్రత్త చెప్పడం."

"అయితే నీ పేరు పెట్టి చెప్పుకోరాదూ, ఆ జాగ్రత్తేదో!"

అల్విన్ తల దించుకుని కళ్ళజోడు వెతుక్కున్నాడు. గుడ్డ విప్పడానికి భయమేసింది.

ఎందుకంటే ఆ రోజు ఎనిమిదిని జారవిడిచింది డెనిస్ కాదు, తను. తాడు చుట్టేటప్పుడు దాన్ని నడుము కొక్కెం నుంచి పూర్తిగా ఊడదీశాడు. చలికి వేళ్ళు కొయ్యబారి ఉన్నాయి. అది చీకట్లో పడిపోయింది. "నీది ఇటివ్వు, దిగి తాడుకి కట్టేస్తా, పైకి లాక్కో," అని డెనిస్‌ది తీసుకుని దిగాడు. అడుగున అంతవరకూ ఎవరూ చూడని దారొకటి కనిపించింది. ఎనిమిదిని తాడుకి కట్టకుండానే అందులో దూరి లోకాన్నే మరిచిపోయాడు. అరగంటకి వెనక్కి వచ్చేసరికి డెనిస్ రాళ్ళ మీద పడి ఉన్నాడు. పైన గట్టు మీద, గుహలోని జలపాతం కింద తడుస్తూ నిలబడలేక, ఒట్టి తాడు ఒంటికి చుట్టుకుని దిగబోయాడు పాపం.

డెనిస్ తన ఎనిమిదిని జారవిడుచుకున్నాడని అందరికీ చెప్పింది అల్వినే. డెనిస్ ఇచ్చిన ఎనిమిదిని మాత్రం పారెయ్యలేకపోయాడు. అరుదైన రకం. ఇప్పటికీ గోడ మీదే ఉంది.

అల్విన్ గుడ్డ విప్పాడు. భూతద్దం పెట్టి చూశాడు, తూచాడు, మందం కొలిచాడు. గుండెల మీంచి బండ దిగినట్టయింది. అది తనది కాదు. డెనిస్‌దీ కాదు. అంచులు ఇలా గుండ్రంగా తిప్పిన రకం డెనిస్ పోయిన పదేళ్ళకి గానీ రాలేదు. తర్వాతెవరో పడేసుకున్నారన్నమాట.

కాదని చెబితే? రేపు మళ్ళీ తవ్వుతారు. ఇంకో రెండడుగులు తవ్వితే తనది బయటపడుతుంది.

హెస్టర్ గోడ దగ్గరికెళ్ళి ఒక్కొక్కటీ చూస్తోంది. డెనిస్ ఎనిమిది ముందు ఆగింది. అల్విన్ ఊపిరి బిగబట్టాడు. ఆమె పక్కదానికి జరిగింది.

"ఏం తేలింది?"

"ఏం చెప్పమంటావమ్మా," అన్నాడు. "డెనిస్‌దే."

"సరిగ్గా చూశావా?"

"గోడ మీదున్న మూడు వందల పన్నెండు మీద ఒట్టు. ఈ గాడి చూడు. తాడు మీద వాడి చెయ్యి అలా వాలేది. నేను మరిచిపోతానా?"

హెస్టర్ సంచిలోంచి కాగితం, కలం తీసింది. "ఆ ముక్కే రాసివ్వు. తవ్వకం ఇక ఆపమంటాను."

అల్విన్ రాశాడు. గుంట అడుగున దొరికిన ఎనిమిది డెనిస్ ఆల్డర్‌సన్‌దేనని, పోల్చి చూసి నిర్ధారించానని రాసి, తేదీ వేసి, సంతకం చేశాడు.

హెస్టర్ కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుంది. చల్లారిపోయిన అతని పళ్ళెం తీసుకెళ్ళి పొయ్యి మీద, వెచ్చగా ఉండే చోట పెట్టింది.

"తినకుండా పడుకోకు," అంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "ఇంకేమీ చెప్పేది లేదా అల్విన్? ఏదైనా సరే, వింటాను."

ఆ గొంతులో కోపం లేదు. ఒక్క క్షణం అల్విన్ నోరు తెరిచాడు కూడా.

"ఏముంటుందమ్మా! వాడి తలరాత."

"సరే."

"ఇదిగో, నీ ఎనిమిది మరిచిపోయావు."

"ఉంచుకో, అది మా ఆయన పాతది, గుంటలో దొరికినదాన్ని మొన్ననే కడిగి చూశాం, దాని మీద నీ పేరు చెక్కి ఉంది," అంది హెస్టర్, రాత్రి చలి లోపలికి రాకుండా తలుపు మెల్లగా దగ్గరికి వేస్తూ.