గడియ ఉన్న ఇల్లు

“గడియ వేశావా అక్కా?”

“వేశాను. కిటికీకి గుడ్డ కూడా కట్టాను. ఇంక ఆ గుండె దడ తగ్గించుకో.”

బిడ్డను వీపుకు కట్టుకునే గుడ్డ మడతలోంచి నఫెలి సన్నని గొట్టం ఒకటి తీసింది. అందులో పుల్లకు చుట్టిన దూది ఉంది. ఆడవాళ్ళు తమంతట తామే ఆ దూదిని లోపల తిప్పి, మూత బిగించి ఇస్తే చాలు. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందో లేదో రాజధాని లిలాంగ్వేలో చూసి చెబుతారు. నర్సు తివోంగే ఆ గొట్టాలను ఊరూరా పంచింది. ఇంట్లో చాటు లేనివాళ్ళకు ఎనెలెసి ఇల్లు చూపించింది. మగవాళ్ళు లేని ఇల్లు, గడియ ఉన్న తలుపు ఆ ఊళ్ళో అదొక్కటే.

“ఏమైనా ఉందని తేలితే మా ఆయన ఊరుకుంటాడా? ఎవడి దగ్గర తగిలించుకొచ్చావని చంపుతాడు,” అంది నఫెలి. “నీకేం అక్కా! పందొమ్మిదేళ్ళుగా మగవాడి నీడ పడని మనిషివి. కడిగిన ముత్యానివి.”

“ఆ ముత్యాన్ని పలకరించే దిక్కు లేదే!”

ఎనెలెసి నవ్వింది గానీ, కడుపులో ఉన్న మాటే అది. పిల్లలు లేరు. భర్త పోయాక ఆ గడప తొక్కినవాళ్ళూ లేరు. ఈ పదిహేను రోజుల్లోనే పదమూడు మంది వచ్చారు, ఒక్కొక్కరే. ఒకరు వేరుశనక్కాయలు తెచ్చారు, ఒకరు ఎండు చేపలు తెచ్చారు. ఒట్టి చేతులతో ఎవరూ రాలేదు. టీ తాగేదాకా ఎవరూ కూర్చోనూ లేదు.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. నఫెలి చేతిలోని గొట్టానికి మూత బిగించి ఉంది.

“కూర్చోవే, సంకటి కెలుకుతాను.”

“మళ్ళీ వస్తాలే అక్కా.”

వాళ్ళంతా అన్న మాటే అది. మళ్ళీ ఎవరూ రాలేదు.

వారం తర్వాత గొట్టాలు తీసుకెళ్ళడానికి వచ్చిన నర్సు మాత్రం పొంగిపోయింది.

“పోయినేడు ఈ ఊరి నుంచి ఒక్కటి రాలేదు. ఈసారి పద్నాలుగు! ఏం మంత్రం వేశావమ్మా?”

“తలుపు తీశాను, అంతే.”

“నీకూ ఒకటి ఇద్దామంటే యాభై దాటినవాళ్ళకు ఇవ్వొద్దన్నారు.”

“నాకెందుకులే సిస్టరమ్మా,” అంటూ ఎనెలెసి మొహం పక్కకు తిప్పుకుంది.

నెల తిరిగాక తివోంగే బండి వేసుకుని వచ్చింది. పద్నాలుగు మందినీ ఒక్కొక్కరినే బండి వెనక్కి పిలిచి, అందరికీ ఒకే మాట చెప్పింది.

“వైరస్ ఉంది. క్యాన్సర్ కాదు, భయపడకు. జిల్లా ఆసుపత్రిలో చూసి, అవసరమైతే అక్కడే నయం చేస్తారు. బండెక్కు.”

విచిత్రం, ఒక్కతీ ఏడవలేదు. ప్రతి మనిషీ చూరు కింద నిలబడ్డ ఎనెలెసి వైపు ఒకసారి చూసి, తల దించుకుని బండెక్కింది.

పద్నాలుగు మందీ ఎక్కడం చూశాక ఊరికి చెప్పాల్సిన పనేముంది? నఫెలి అత్తగారు అందుకుంది.

“చూశారా? ఆ గడప తొక్కిన ప్రతిదానికీ అంటుకుంది! ఇంకోసారి అటు వెళ్ళారో, కాళ్ళు విరగ్గొడతా!”

ఇక ఆ తలుపు తట్టేవాళ్ళు ఉండరని ఎనెలెసికి తెలిసిపోయింది.

“వెళ్ళండర్రా. వెళ్ళి చూపించుకోండి,” అంటూ ఇంట్లోకి తిరిగింది.

బండి కదలబోతుంటే నఫెలి కిందికి దూకింది.

“ఏయ్, చావాలని ఉందా?” నర్సు అరిచింది.

నఫెలి వెనకే ఇంకొకతె దిగింది. ఆ వెనక మరో ఇద్దరు. చూస్తుండగానే బండి ఖాళీ అయింది. దిగినవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు వింతగా చూసుకున్నారు.

“మీకోసం ఎంతమంది కాళ్ళు పట్టుకుని ఈ బండి తెచ్చానో తెలుసా?” తివోంగే నిలదీసింది.

నఫెలి వినిపించుకోలేదు. వెళ్ళి ఎనెలెసి చెయ్యి పట్టుకుని బండి దగ్గరికి లాక్కొచ్చింది.

“నువ్వెక్కు అక్కా.”

“నోరు మూసుకోవే పిల్లా,” ఎనెలెసి గుసగుసగా బతిమాలింది. “మీ అత్త వింటోంది.”

“విననీ. ఎక్కు.”

“ఆవిడనెందుకు తోస్తున్నావు?” నర్సు అడ్డం వచ్చింది. “ఆవిడకసలు పరీక్షే కాలేదు!”

నఫెలి మిగతా పదమూడు మంది వైపు చూసింది. ఒక్కరూ తల ఎత్తలేదు.

“మా గొట్టాలన్నిటిలో ఉన్నది ఆవిడ దూదే. పద్నాలుగుసార్లూ ఆవిడకే అయింది, సిస్టరమ్మా.”