నాలా గట్టున కర్రలు

నాలా గట్టున వరుసగా పాతిన వెదురు కర్రలను, వాటికి చుట్టిన తాడును ఆ ఏప్రిల్ ఉదయం మొదట చూసినది క్యారల్.

సైనిక్‌పురికి ఆనుకుని ఉన్న ఆ కాలనీలో, నాలా పక్కన చిట్టచివరి ఇల్లు ఆమెది. గడచిన రెండు వానాకాలాలూ మురుగునీరు ఆమె వంటగదిలోకి వచ్చింది.

కర్రలూ తాడూ కనిపిస్తే అక్కడ ఎవరికైనా తోచేది ఒక్కటే. కబ్జా.

కాలనీ సంఘం అధ్యక్షుడు రోనాల్డ్, సైన్యంలో సుబేదారుగా పనిచేసి రిటైరైనవాడు, పది నిమిషాల్లో నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు.

డెబ్బై దాటిన ఒక పెద్దమనిషి గట్టు మీద మోకాళ్లపై కూర్చుని గడ్డి దుబ్బులు నాటుతున్నాడు.

"ఎవరు సార్ మీరు? ఈ జాగా మీదా?"

"నాది కాదండీ."

"మరి కర్రలెందుకు పాతిన్రు?"

"పశువులు తొక్కకుండానండీ. ఇది వట్టివేరు. ఆ నీటి అంచున పెట్టింది మెట్టతామర. వేళ్లు దిగితే గట్టు నిలుస్తుంది, మురుగూ కొంత తేటపడుతుంది. ఒక్క వానాకాలం ఓపిక పట్టండి."

"ముందు గడ్డి, తర్వాత రేకుల షెడ్డు, ఆ తర్వాత అపార్ట్‌మెంట్. గిట్లాంటియి మస్తు చూసినం సార్."

అందరూ నవ్వారు. ఆ పెద్దమనిషి కూడా నవ్వాడు. రోనాల్డ్‌కు అదే ఎక్కువ కోపం తెప్పించింది.

ఫిర్యాదు పోలీసులకు చేరింది. ఆ పెద్దమనిషి స్టేషన్‌లో తన పేరు బుల్లబ్బాయి అనీ, ఉండేది రాంగోపాల్‌పేట్‌లో అనీ రాయించి, ఇకపై ఆ గట్టు మీద కాలు పెట్టనని సంతకం చేశాడు. మొక్కలను మాత్రం పీకవద్దని వేడుకుని వెళ్లిపోయాడు.

ఆదివారం చర్చిలో ఆరాధన ముగియగానే కాలనీ అంతా శ్రమదానానికి దిగింది. కర్రలతో పాటు దుబ్బులనూ పీకి పారేశారు. భోజనాల వేళ కావడంతో క్యారల్ ఇంటి వెనక భాగం మిగిలిపోయింది.

తర్వాత ఎవరికీ అది గుర్తు రాలేదు.

ఆగస్టులో మూడు రోజులు వాన విడవలేదు.

దుబ్బులు పీకిన చోట గట్టు జారి, సగం రోడ్డు నాలాలో కలిసింది. క్యారల్ సామానంతా మంచం మీదికి చేర్చి, తెల్లవార్లూ నీటి కోసం ఎదురుచూసింది. నీరు రాలేదు. ఆమె ఇంటి వెనక, నడుమెత్తు పెరిగిన వట్టివేరు కింద, గట్టు పిడికెడు మట్టి కూడా వదల్లేదు.

"మనం తప్పు చేసినం అంకుల్," అంది క్యారల్, సంఘం సమావేశంలో లేచి నిలబడి. "పోయి ఆయనకే చెప్పాలె."

ఫిర్యాదును వెనక్కు తీసుకుంటున్నామని, తప్పు తమదేనని రోనాల్డ్ స్వయంగా ఉత్తరం రాశాడు. అతనూ, క్యారల్ కలిసి రాంగోపాల్‌పేట్ వెళ్లారు.

తలుపు తీసినది బుల్లబ్బాయి కూతురు శ్రీలలిత.

"నాన్నగారు పోయి నెలయిందండీ."

రోనాల్డ్ ఉత్తరాన్ని రెండు చేతులతో ఆమెకు అందించాడు.

వచ్చే ఆదివారం కాలనీవారూ, దిగువ బస్తీవారూ కలిసి గట్టు పొడవునా వట్టివేరు నాటబోతున్నారని క్యారల్ చెప్పింది. రెండు వేల దుబ్బులు తెప్పించారు. ఏ ఇంటివారు ఏ భాగాన్ని చూసుకోవాలో కూడా నిర్ణయమైపోయింది. మిగిలిన భయం ఒక్కటే, బిల్డర్లు.

"ఆ జాగా అసలు ఓనర్ ఎవరో మీ నాన్నగారికి తెలిసే ఉంటది," అన్నాడు రోనాల్డ్. "ఆ మనిషి కాళ్లు పట్టుకునైనా అక్కడ ఏం కట్టనని రాయించుకుంటం. మీకేమన్న చెప్పిన్రా, అమ్మా?"

శ్రీలలిత ఉత్తరం చివరి దాకా చదివి తలెత్తింది.

"ఎవరినీ అడగక్కర్లేదండీ. ఇచ్చేశాక నాదని చెప్పుకోకూడదనేవారు గానీ, ఆ స్థలం నాన్నగారిదే. అపార్ట్‌మెంట్ కడతామని వచ్చినవాళ్లను పంపేసి, అక్కడ ఎవరూ ఏమీ కట్టకూడదన్న షరతుతో మూడేళ్ల కిందటే నాలా కోసం మునిసిపాలిటీకి దానపత్రం రాసిచ్చారు."