ఆ మీటర్ ఏ బండిది?

ముల్లు మళ్లీ ఎర్ర గీత దాకా పోయింది. వైరు కోసేసి ఉంది. కింద బండీ లేదు, గేర్‌బాక్సూ లేదు. బండ్ల సామాన్ల దుకాణంలో, గల్లాపెట్టె పక్కన అద్దాల బీరువాలో ఊరికే పడి ఉన్న హీట్ మీటర్‌కు వేడి ఎక్కడి నుంచి వస్తుంది? అర్జున్ రావు దాన్ని గోడవైపు తిప్పి పెట్టాడు. పట్టపగలు, కోరుట్ల రోడ్డు నిండా హారన్లు మోగుతుండగానే అతనికి ఒళ్లు జలదరించింది.

సిరిసిల్ల దగ్గర కాలువలో పడ్డ, సరుకులు మోసే డీసీఎం వ్యాను తుక్కు కొన్నప్పుడు వచ్చిందది. తెల్లారి క్రేన్ పెట్టి పైకి లేపేదాకా డ్రైవర్ శవం క్యాబిన్‌లోనే ఉందని తర్వాత తెలిసింది. ప్రాణం పోయిన బండి సామాను తెలిసి తెలిసి ఎవరూ కొనరు. మిగతా వాటినన్నిటినీ ఏదో ఒక అబద్ధం చెప్పి వదిలించుకున్నాడు. ఈ మీటర్ మాత్రం, ఎవరైనా చేతిలోకి తీసుకోగానే ముల్లు లేచేది, వాళ్లు జడిసి వదిలేస్తే మళ్లీ బీరువాలోకే వచ్చేది. పారేద్దామంటే భార్య నర్మద ఒప్పుకోలేదు. పారేస్తే వెంటపడుతుందట, అమ్మితేనే వదిలిపోతుందట. ఎవరు చెప్పారో ఏమో.

"గేర్‌బాక్స్ హీట్ మీటర్ ఉన్నదా సేటూ? అగ్గువల, తక్కువ పైసలల్ల."

అర్జున్ రావు ఉలిక్కిపడి తలెత్తాడు. ఎదురుగా తెల్లగడ్డం ముసలాయన, భుజాన తువ్వాల.

"రా కాకా, కూసో. ఏ ఊరు?"

"మేడిపల్లి. మల్లేశం అంటరు."

అర్జున్ రావు డిజిటల్ మీటర్ తీసి ముందు పెట్టాడు. "గిది సూడు. నంబర్లు కొట్టొచ్చినట్టు కనవడ్తయి."

"గంత ఖరీదుది నేను కొనలేను."

"గట్లయితే ముల్లుది తీస్కో. కొత్తదే. లోపల లైటు లేదు గని, రాత్రిపూట టార్చ్ కొట్టి సూసుకోవాలె."

"టార్చ్ వట్టుకోవాల్నా, స్టీరింగ్ వట్టుకోవాల్నా?" మల్లేశం దాన్ని పక్కకు జరిపాడు. "పాతయి లేవా? బండ్లకెల్లి ఇప్పినయి?"

అర్జున్ రావు ప్రాణం లేచొచ్చింది. గబగబా బీరువా తెరిచాడు.

"ఒక్కటున్నది కాకా. కంపెనీది. గేర్‌బాక్స్‌ల ఆయిల్ జరంత వేడెక్కినా ముల్లు లేస్తది. ఎర్ర గీత తాకకముందే బండి ఆపుకున్నవనుకో, గేర్‌బాక్స్ బతికినట్టే. కొత్తదాంట్ల సగం కూడ ఇయ్యకు."

మల్లేశం దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. అర్జున్ రావు ఊపిరి బిగబట్టి ముల్లునే చూశాడు. అది లేవలేదు. మెల్లగా కిందికి దిగి, సున్నా దగ్గర పడుకుంది. ఇన్నాళ్లకు ఇది పోయేటట్టే ఉంది అనుకున్నాడు.

ముసలాయన తువ్వాల కొసతో అద్దం తుడిచాడు. "ఏ బండిది సేటూ?"

"జగిత్యాల డాక్టర్ సాబ్‌ది. కొత్త బండి కొన్నడు, పాతదానికెల్లి ఇప్పించిండు."

"యాక్సిడెంట్ బండిది కాదు గదా?"

"అయ్యో, గసొంటి సామాను నేను ముట్టను."

"పానం పోయిన బండ్లయి కూడ గిట్లనే అమ్ముతున్నరట. నిజం చెప్పు, ఏమనుకోను."

ఏమనుకోను అన్నవాళ్లందరూ నిజం వినగానే మెట్లు దిగిపోయినవాళ్లే. అర్జున్ రావుకు అది బాగా తెలుసు.

"నీకెందుకు కాకా అంత అనుమానం? ధర నువ్వే చెప్పు."

"ధర ముచ్చట తర్వాత. పిల్లలున్నరా సేటూ?"

"ఒక్కతే బిడ్డ. ప్రణీత."

"ఆ బిడ్డ మీద ఒట్టేసి చెప్పు, ఇది సచ్చినోని బండిది కాదని."

వ్యాపారంలో దేవుళ్ల మీద వేసిన ఒట్లకు లెక్కలేదు గానీ, కన్నబిడ్డ మీద ఎన్నడూ వేయలేదు. కాలేజీ నుంచి రాగానే ప్రణీత ఈ బీరువా పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటుంది. నిన్న సాయంత్రం ఉన్నట్టుండి, "నాన్నా, ఇక్కడ తడి మట్టి వాసన వస్తుందేంది?" అని అడిగింది. అతనికి రాత్రంతా నిద్ర లేదు. ఇది దుకాణంలో ఉండటం కంటే ఒట్టే నయమనిపించింది. బిడ్డ కోసమే కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

"నా బిడ్డ మీద ఒట్టు కాకా. గీ బండిల ఎవ్వలు సావలే."

అనేశాక చేతులు బల్ల కిందికి దాచుకున్నాడు.

మల్లేశం మీటర్‌ను నిద్రపోయే పసివాణ్ని పడుకోబెట్టినంత మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"వద్దు సేటూ."

"వద్దా?" అర్జున్ రావు కుర్చీలోంచి లేచాడు. "ఒట్టేసిన గదా! ఇంకా నమ్మవా? ఎంతో కొంత చేతుల పెట్టి తీస్కపో!"

"నమ్మిన. గందుకే వద్దంటున్న." ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. "నాకు బండెక్కడిది సేటూ? నా కొడుకు సంజీవ్ సిరిసిల్ల కాడ కాలువల పడి సచ్చిపోయిన డీసీఎంల గిసొంటి మీటరే ఉండె. వాని చెయ్యి తాకిన సామాను ఒక్కటన్న ఇంట్ల పెట్టుకుందామని దుకాణం దుకాణం తిరుగుతున్న. కొడుకు ముచ్చట ముందుగాల చెప్తే అందరు 'ఇదే, ఇదే' అని అంటగట్టవట్టిరి. ఇది వానిది కాదని ఒట్టేసి నిజం చెప్పింది నువ్వొక్కనివే. నీ బిడ్డ సల్లగుండాలె."