ఒడ్డెక్కినంక చెప్పే మాట

"ఇంక రెండు గంటలే ఉందండి. తర్వాత ఓడను రేవుకి తిప్పేస్తాం," అన్నాడు గైడు క్రాంతికుమార్, మైకు పక్కన పెట్టి.

శివానికి ఒళ్లు మండింది. "మూడు దినాల సంది గిదే మాట. డాల్ఫిన్లన్నరు, తాబేళ్లన్నరు, సముద్రపు ఆవన్నరు. మాకు కనవడ్డయి నీళ్లే గద."

"సముద్రం జూ కాదు కదా మేడమ్," అన్నాడతను నొచ్చుకుంటూ. అండమాన్‌లో ఎప్పుడో స్థిరపడిపోయిన తెలుగువాళ్ల మనిషి. "సముద్రపు ఆవైతే, అదే అడుగున గడ్డి మేసే డ్యూగాంగ్, నేనే ఈ ఏడాది రెండుసార్లు చూశాను. ఇంకాసేపు ఓపిక పట్టండి."

ఆ చిన్న ఓడలోని పదహారు మందిలో పదిహేను మంది ముందు వైపే మూగి, ఫోన్లు పైకెత్తి పట్టుకుని ఉన్నారు. ఒక్క సోమయ్య మాత్రం వెనకాల కుర్చీ వేసుకుని తన మానాన తాను కూర్చున్నాడు. తండ్రిని అలా చూస్తే శివాని మనసు చివుక్కుమంది. తన సరదా కోసమైతే ఆమె ఇంత దూరం వచ్చేదే కాదు. ఇబ్రహీంపట్నం పెద్దచెరువులో నలభై ఏళ్లు వల వేసిన మనిషి, సముద్రపు చేప ఎంతుంటుందో ఒక్కసారి కళ్లారా చూస్తే చాలన్నాడు. శేరిగూడ కాలేజీలో పాఠాలు చెప్పే శివాని, సెలవు కోసం ప్రిన్సిపాల్ చుట్టూ వారం తిరిగి మరీ తీసుకొచ్చింది. తీరా ఏమీ చూపించకుండా వెనక్కి తీసుకెళ్తే ఆయన మొహం ఎట్లా చూడాలి? అక్కడ కట్ట మీద తోటి బెస్తలంతా "ఏం జూసినవ్ సోమన్నా" అని అడగడానికి కాచుక్కూర్చున్నారాయె.

ఆమె వెనక్కి వచ్చి, "బాపూ, నీకేమన్న కనవడ్డదా?" అని అడిగింది.

సోమయ్య అటూ ఇటూ చూశాడు. "ఏం లేదు బిడ్డ. ఉత్త నీళ్లే," అని ఎడమ భుజం మీది తువ్వాల తీసి కుడి భుజం మీద వేసుకున్నాడు.

"ఎండ గొడ్తుందా? లోపల కూసుంటవా?"

"వద్దు. గీడనే మంచిగుంది."

శివాని మళ్లీ ముందుకు ఉరికి, బైనాక్యులర్స్ అందుకుని, క్రాంతికుమార్ చెప్పినట్టు ఎడమ వైపంతా జల్లెడ పట్టింది. ఎవరో "అదుగో" అంటే అందరూ అటు పరుగెత్తారు. ఓడ ఓ పక్కకి ఒరిగినంత పనైంది. చూస్తే అది నూనె డబ్బా.

అరగంట పోయాక మళ్లీ తండ్రి దగ్గరికి వచ్చింది. "ఇప్పుడన్న కనవడ్డదా బాపూ?"

"ఏడివి బిడ్డ. ఏం లేవు."

తువ్వాల మళ్లీ ఎడమ భుజానికి వచ్చింది. పైగా ఈసారి ఆమె చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. తననే ఓదారుస్తున్నాడనుకుని శివానికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఓ దీవి పక్కన ఓడ నెమ్మదించింది. అక్కడ నీళ్లు తేటగా ఉండి అడుగున గడ్డి కూడా కనిపిస్తోంది. అందరూ ముందు వైపు నుంచి దీవికి ఫోటోలు తీసుకుంటున్నారు. ఉన్నట్టుండి సోమయ్య లేచి నిలబడ్డాడు. తువ్వాలను నెత్తికి చుట్టుకుని, ఓడ అంచు కమ్మీ పట్టుకుని, కూతురి వైపు అదే పనిగా చూడసాగాడు. మొహం ఎర్రబడింది.

శివాని పరుగున వచ్చింది. ఎండదెబ్బే, సందేహం లేదు. "నడువ్ బాపూ, లోపలికి నడువ్," అని రెక్క పట్టుకుని గదిలోకి లాక్కెళ్లి, ఫ్యాను వేసి నిమ్మకాయ నీళ్లు తాగించింది. ఎవరి మాటా ఓ పట్టాన వినని మనిషి కిక్కురుమనకుండా వచ్చాడు. పైగా ముసిముసిగా నవ్వుతున్నాడు. ఎండ తలకెక్కిందని ఆమె ఖాయం చేసుకుంది.

రేవులో దిగేటప్పుడు క్రాంతికుమార్ అందరికీ క్షమాపణ చెప్పుకున్నాడు. శివాని తండ్రి చెయ్యి పట్టుకుని దిగింది. ఒడ్డున కాలు పెట్టిందో లేదో ఫోన్ మోగింది. ఇంటి దగ్గర్నుంచి తల్లి సిద్దమ్మ.

"ఏమన్న కనవడ్డయా బిడ్డ?"

"ఏం కనవడలే అమ్మా," అంది శివాని. "బాపుకు ఒక్క చేపను గూడ చూపియ్యలేకపోయిన."

సోమయ్య తన రెండు కాళ్లూ నేల మీదే ఉన్నాయని ఓసారి చూసుకుని, కూతురి చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"ఒడ్డెక్కినం గద బిడ్డ, ఇగ చెప్పొచ్చు తియ్," అన్నాడు. "సిద్దమ్మా, మస్తు జూసినం. నీళ్ల మీదున్నప్పుడు చేప కనవడ్డదని నోటితోని అంటే అది అడుక్కు మునుగుతది గద, అందుకే ఎవ్వలడిగినా లేదన్న. అంత మన బెస్తల తువ్వాల సైగనే. ఎడమకొస్తె ఎడమ భుజం, కుడికొస్తె కుడి భుజం. దూడలంత చేపలు, గుంపులు గుంపులు, ఎగురుకుంట మా ఎనకనే వచ్చినయ్. ఆఖరికి బర్రెంతది ఒకటి తేలింది. మూతి గూడ బర్రె మూతే. ఇగ పెద్దది కనవడ్డదని తువ్వాల నెత్తికి చుట్టిన."

శివాని చేతిలోని సంచి జారి కింద పడింది.

"బిడ్డ సంగతి అడుగుతున్నవా?" ఆయన గొంతులో గర్వం పొంగిపోతోంది. "ఎన్నడు తెప్ప ఎక్కకున్నా మన సైగ ఎట్ల గుర్తువట్టిందో ఏమో. నేను నెత్తికి చుట్టంగనే, పక్కోళ్లు పసిగట్టకుండ నన్ను లోపలికి గుంజుకపోయింది. నాకన్న గట్టిది నీ బిడ్డ. ఒడ్డెక్కినంక గూడ, కన్నతల్లివి నువ్వడిగినా, 'ఏం కనవడలే' అనే చెప్పింది సూడు."