పెదవులు చెప్పిన మాట

చీకటి పడింది. ఆస్పత్రి పై అంతస్తులో ముగ్గురే మిగిలారు. పక్షవాతంతో నరహరి మాట పడిపోయి ఏడు నెలలైంది. తలకు సన్నని కరెంటు పెట్టి మాట తెప్పించే ప్రయోగంలో ఇది ఆఖరి రోజు. ఇవాళ కూడా పలకకపోతే పేరు కొట్టేస్తారు.

"జర మంచిగ సూడుండ్రి మేడమ్," అంది అతని భార్య బాలవ్వ.

డాక్టర్ సంధ్య మీట నొక్కింది. యంత్రం గుంయ్‌మంది.

"బాలవ్వా, నాకేం గాలే. ఇంటికి పోదాం." నరహరి గొంతే.

బాలవ్వకు ఏడుపొచ్చింది. అంతలోనే ఆగింది. ఇరవై ఏళ్లు ఇద్దరూ భేస్తాన్ బట్టల మిల్లులో మరమగ్గాల మధ్య పనిచేశారు. ఆ హోరులో పెదవులు చూసే మాట్లాడుకునేవారు. ఇప్పుడూ అలవాటుగా అతని పెదవులే చూసింది. అవి వేరే మాటలు పలుకుతున్నాయి.

'బంద్ చెయ్యమను. మాట్లాడేది నేను గాదు.'

బాలవ్వ చెయ్యి మీట వైపు పోయింది.

"ఆపితే మాట మళ్లీ పోతదేమో అమ్మా," అంది సంధ్య. "థోడా ఔర్, ఇంకొంచెం కరెంటు పెంచనా?"

"పెంచమను బాలవ్వా," అంది గొంతు, ప్రేమగా.

పెదవులు బతిమాలుతూనే ఉన్నాయి.

బాలవ్వ కళ్లు గట్టిగా మూసుకుని, పెంచమన్నట్టు తల ఊపింది.