కుడివైపు పై మూల

“అక్కడేముంది నాయనా, బల్లా?”

లిఫ్టులో పక్కన నిలబడ్డ పెద్దావిడ అడిగింది.

“ఏమీ లేదండీ,” అన్నాడు మెకానిక్. చూపు మాత్రం కుడివైపు పై మూల నుంచి కదల్చలేదు. అక్కడ అంతస్తుల అంకెలు ఎర్రగా వెలుగుతున్నాయి.

“ఏమీ లేనిదానికి అంత చెమటలెందుకూ?”

అతనికి ఒళ్లు మండింది.

ఇరవై రెండేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్న మనిషి. పోయినేడాది ఓ పాత లిఫ్టు అతన్ని లోపల పెట్టుకుని రెండంతస్తులు జారి, చీకట్లో ఆగిపోయింది. మూడు గంటలు అలాగే ఉన్నాడు. దీపాలు ఆరేముందు ఆఖరుగా చూసింది ఆ అంకెల్నే. అప్పటినుంచి ఏ లిఫ్టు తలుపు తెరుచుకున్నా కాళ్లు వెనక్కే పోతున్నాయి.

“లిఫ్టు బాగుచేయడానికి మెట్లెక్కి వెళ్లే మొనగాడు లోకంలో మా ఆయనొక్కడే,” అని భార్య నవ్వేది. నవ్వి, చాటుగా కళ్లు తుడుచుకునేది.

మేనేజరు మాత్రం నవ్వలేదు. “సోమవారం నుంచి లిఫ్టెక్కి పనిచేస్తే సరే. లేదంటే స్టోర్‌రూములో కూర్చుని నట్లూ బోల్టులూ అందించు,” అన్నాడు. చేతిలో పనితనం పెట్టుకుని బోల్టులు అందించడమంటే అతనికి చచ్చినంత పని.

అప్పటికి అయిదు వారాలుగా ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాడు. ఆమె మందూ మాకూ ఇవ్వదు. సన్నటి పుల్ల ఒకటి పట్టుకుని కళ్లముందు మెల్లగా అటూ ఇటూ జరుపుతుంది. చూపు ఎక్కడికి వెళ్తే గుండె దడదడలాడుతుందో అక్కడ పుల్ల ఆపుతుంది.

“భయం ఇక్కడ కాపురం పెట్టింది. చూపు తిప్పేయకండి. ఒంట్లో ఏం జరిగితే అది జరగనివ్వండి. నేను పక్కనే ఉంటాను,” అంటుంది.

ఎన్నిసార్లు జరిపినా పుల్ల ఆగేది కుడివైపు పై మూలనే. అటే చూస్తూ మొదటివారం వణికాడు, రెండోవారం ఏడ్చాడు, తర్వాత తర్వాత ఆవులించడం కూడా మొదలుపెట్టాడు.

“ఇక అసలు లిఫ్టులోనే చూడండి,” అంది డాక్టరమ్మ.

అందుకే ఈ శుక్రవారం మధ్యాహ్నం, తననెవరూ ఎరగని ఈ భవనానికి వచ్చాడు. పావుగంట సేపు లిఫ్టు ముందు తచ్చాడాడు. కూరగాయల సంచీతో మెట్ల దగ్గర నిలబడి ఈ పెద్దావిడ అదంతా చూసింది.

“ఎక్కవా నాయనా?”

“ఎక్కుతానండీ. ముందు మీరు వెళ్లండి.”

“నువ్వెక్కితే నేనూ ఎక్కుతా. మా ఇల్లు ఆరో అంతస్తులో.”

మొహమాటానికి ఎక్కాడు. అప్పటినుంచీ ఆవిడ నోటికి తాళం లేదు.

“ఇది ఆగిపోదు కదా? ఆ చప్పుడేమిటి? తాడు గట్టిదేనా?”

“కాసేపు మాట్లాడకుండా ఉండండమ్మా, మీకు దండం పెడతాను!” అని కసిరాడు. కసిరాక సిగ్గేసింది. రెండు ముక్కల్లో సంగతంతా చెప్పాడు.

ఆవిడ శ్రద్ధగా వింది.

“అందరికీ ఆ మూలేనా?”

“కాదండీ. ఎవరిది వాళ్లదే. చూపు మెల్లగా తిప్పుకుంటూ పోతే గుండే చెబుతుందట.”

ఆవిడ లిఫ్టంతా మెల్లగా కలయజూసింది. చివరికి తలుపు అడుగున, సందు దగ్గర ఆ చూపు ఆగిపోయింది.

“ఏమైనా పడేసుకున్నారా?”

“లేదులే. నీ పని నువ్వు చూసుకో.”

ఆరో అంతస్తు వచ్చింది. తలుపు తెరుచుకుంది. ఆవిడ దిగలేదు.

“మీ ఇల్లు ఇక్కడేనన్నారుగా?”

“ఇల్లెక్కడికి పోతుంది? పద, మళ్లీ కిందికి.”

కిందికి, పైకి, మళ్లీ కిందికి. మూడోసారి పైకి వెళ్తుంటే అతని చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. అయినా చూపు తిప్పలేదు. ఆవిడ కూడా తలుపు సందు మీంచి చూపు తిప్పలేదు. ఆవిడ చెంపల మీదుగా నీళ్లు కారుతున్నాయి. పెద్ద వయసు కదా, కళ్లు నీరు కారడం మామూలేననుకున్నాడు.

అయిదోసారి, గుండెల్లోంచి పెద్ద ఊపిరి ఒకటి దానంతటదే బయటికి వచ్చింది. మూలలో అంకెలున్నాయి. ఉత్త అంకెలు.

“అయిపోయిందా?” అంది ఆవిడ బొంగురు గొంతుతో.

“అయిపోయిందండీ!”

“అయితే నీ చెయ్యి వదిలేస్తాను.”

ఆవిడ తన మోచేయి పట్టుకునుందని అప్పుడు చూశాడు. ధైర్యం ఇవ్వడానికి కాబోలనుకున్నాడు. ఆవిడ దిగి వెళ్లిపోయింది. అతను లిఫ్టులోంచే భార్యకు ఫోన్ చేసి, “ఎక్కడున్నానో చెప్పుకో చూద్దాం!” అన్నాడు. ఆ సంబరంలో ఆవిడకు కృతజ్ఞత చెప్పాలన్న ధ్యాసే లేకపోయింది.

సోమవారం దర్జాగా పనిలోకి వెళ్లాడు.

రెండు నెలల తర్వాత, ఆ భవనంలో లిఫ్టు చప్పుడు చేస్తోందని కబురొస్తే అడిగి మరీ తీసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ పళ్లు కొన్నాడు.

“ఆరో అంతస్తులో పెద్దావిడ ఒకరుండాలి. బాగా మాట్లాడతారు,” అన్నాడు వాచ్‌మన్‌తో.

“పోయినవారమే చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు. ఇక ఇటు రారు.”

అతని మనసు చివుక్కుమంది.

“నాకు ధైర్యం చెప్పడానికి పాపం అయిదుసార్లు లిఫ్టులో తిరిగారు. నేనేమో కసిరాను. ఒక్క మంచిమాటైనా చెప్పలేకపోయాను.”

వాచ్‌మన్ అతన్ని ఎగాదిగా చూశాడు.

“ఓహో, ఆ మనిషి మీరేనా! ఆవిడ వెళ్లేరోజు పెట్టెలన్నీ పెట్టుకుని, కూనిరాగాలు తీస్తూ లిఫ్టులోనే దిగారు. మేమందరం నోరెళ్లబెట్టి చూశాం.”

“లిఫ్టులో దిగితే వింతేముంది?”

“తొమ్మిదేళ్ల కిందట పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆవిడ ఒంటరిగా ఇరుక్కుపోయింది ఇందులోనే కదండీ! ఆరంతస్తులూ మెట్లెక్కడమే తప్ప, మీరొచ్చిన ఆ రోజు దాకా ఈ లిఫ్టులో మళ్లీ కాలు పెట్టలేదు.”