చెంగయ్య బండి షెడ్డు

చెంగయ్య అనే కుందేలుకు తన బండంటే ప్రాణం. అడవిలో ఎవరు ఏ బరువు చేరవేయాలన్నా ఆ బండే దిక్కు. కానీ ఎండకు ఎండి ఎండి దాని పలకలు పగుళ్లిచ్చాయి. ఇంకో వేసవి తట్టుకునేలా లేదు. అందుకే బొరియ పక్కన చెక్కలతో ఓ షెడ్డు కట్టాలనుకున్నాడు.

అయితే ఆ అడవిలో తాబేలు తాత వచ్చి, చోటు చూసి తలూపితేగానీ ఎవరూ గుంజ పాతకూడదు.

"షెడ్డెందుకురా? నాకు చూడు, ఇల్లు వీపు మీదే ఉంది. ఎండ నన్నేం చేసింది?" అన్నాడు తాత, కూర్చున్నచోటు నుంచి కదలకుండానే.

"ఒక్కసారి వచ్చి చూడు తాతా. నువ్వు నడవక్కర్లేదు, బండి తెచ్చాను," అన్నాడు చెంగయ్య.

బండి షికారంటే తాతకు మహా సరదా. పొద్దుటి నుంచీ ఎండలో నిలబడ్డ బండి మీదికి దర్జాగా ఎక్కాడు.

"అమ్మో! కాళ్లు కాలిపోయాయిరోయ్!" అని గావుకేక పెట్టాడు. నాలుగు కాళ్లూ చిప్పలోకి లాక్కుని, తల మాత్రం బయటపెట్టి గబగబా ఊపాడు. "కట్టరా నాయనా, ఇవాళే కట్టు!"

ఎలుగుబంటి గుంజలు పాతింది. వడ్రంగిపిట్ట టకటకమంటూ చెక్కలకు చిల్లులు పొడిచింది. అందరూ తలో చెయ్యీ వేసి పైకప్పు ఎత్తారు.

చెంగయ్య ఈలేసుకుంటూ బండి తోలుకొచ్చేసరికి షెడ్డులో చోటే లేదు. నీడ చూసుకుని అడవంతా అక్కడే చేరింది. నట్టనడుమ కాళ్లు బారచాపుకుని తాత. చెంగయ్యకు నవ్వాగలేదు.

"ఇంత ఇరుగ్గా కట్టావేంట్రా? బండికి పక్కన ఇంకోటి వేసుకో," అని, అడక్కముందే తలూపాడు తాత.